ఏడో గడి

తూనీగ అన్న పేరు ఆ పిల్లకు పెట్టింది ఊయలత్తే. మూడేళ్ళ వయసులో పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చునేది కాదట. కిటికీ దగ్గరుంది కదా అని చూపు తిప్పుకునేలోపు తలుపు దగ్గర, అక్కడికి పరుగెత్తేలోపు మంచం కింద. ఇప్పుడు పదహారు నిండి, మనిషి నిలువునా పొడుగు సాగినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఇంట్లోనూ, మెట్ల మీదా, బడిలోనూ అందరికీ ఆమె తూనీగే.

ఊయలత్త అసలు పేరు ఆ బ్లాకులో ఎవరికీ గుర్తులేదు. మూడో అంతస్తులో ఎడమవైపు చివరి వాటా ఆమెది. ముందుగది కప్పు కొక్కేనికి వేలాడే గుడ్డ ఊయలను బట్టి ఆ పేరొచ్చింది. పొద్దున్నే పనులకు పోయే తల్లులు పిల్లల్ని ఆమెకు అప్పగించి వెళ్ళి, సాయంత్రం తీసుకుపోయేవారు. ఇరవై రెండేళ్ళుగా అదే ఆమె పని, అదే బతుకు. బల్ల మూలలకు పాత దుప్పటి ముక్కలు చుట్టి కుట్టింది. వంటగది గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు చెక్క తలుపు పెట్టించింది. ఒకేసారి ఎనిమిది మంది ఏడ్చినా ఆమె గొంతు పెరిగేది కాదు. ఆమెకు పెళ్ళయిందని కొందరు, అసలు కాలేదని కొందరు అనుకునేవారు. అడిగినవాళ్ళకు నవ్వే జవాబు.

తూనీగ తల్లి ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. తండ్రి లారీ డ్రైవరు, నెలకోసారి వచ్చి రెండు రోజులు నిద్రపోయి వెళ్ళే మనిషి. కాబట్టి తూనీగ మాటలు నేర్చిందీ, అక్షరాలు దిద్దిందీ ఊయలత్త దగ్గరే. ఇప్పుడు ఆమె చెల్లెలు, మూడేళ్ళ చిట్టి, అదే గదిలో అదే చాప మీద పెరుగుతోంది.

కిందటి చలికాలంలో పక్క బ్లాకులో కరెంటు మీటర్ల గదికి నిప్పంటుకుంది. మంట పెద్దది కాదు గానీ పొగ మెట్లదారంతా కమ్మేసింది. అందరూ దిగొచ్చారు, అందరూ క్షేమం అనుకున్నారు. పై అంతస్తులో మంచం దిగలేని ఒకావిడ ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమె కూతురు పని నుంచి తిరిగొచ్చి, గుంపులో అమ్మ కోసం వెతుక్కున్నాకే తెలిసింది. అప్పటికి చేయగలిగిందేమీ లేదు.

ఆమెను కిందికి మోసుకొచ్చినవాళ్ళలో ఫైరు మాస్టారు ఒకడు. అగ్నిమాపక దళంలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ సంఘటన తర్వాత మనిషి ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాడు. యువజన కేంద్రంలో శనివారం మధ్యాహ్నాలు ఒక గది అడిగి తీసుకుని, పదిహేనూ పదహారేళ్ళ పిల్లల్ని పోగుచేసి ప్రథమ చికిత్స నేర్పడం మొదలుపెట్టాడు. కాలిన చోట ఏం చేయాలి, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఎక్కడ కొట్టాలి, ఎక్కడ నొక్కాలి, పొగలో ఎలా పాకాలి, అన్నీ చేయించేవాడు. గుండె నొక్కడం నేర్పడానికి ఒక రబ్బరు బొమ్మ ఉండేది. ఒక చెయ్యి లేదు, ముక్కు అరిగిపోయింది. పిల్లలు దాన్ని అల్లుడుగారు అనేవారు. ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడు, చుట్టూ చేరి పదిమంది సేవ చేయాలి, ఒక్కసారైనా లేచి థ్యాంక్స్ అనడు, అని తూనీగే ఆ పేరు పెట్టింది. మాస్టారు పైకి కోప్పడ్డాడు గానీ నెల తిరక్కుండా ఆయన నోటా అదే మాట వచ్చింది. "అల్లుడుగారిని కొంచెం ఇటు జరపండి" అన్నాడు.

ఆ వేసవికి మాస్టారు ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. ఎవరి మెట్లదారి వాళ్ళది. ఇల్లిల్లూ తిరిగి ఫారం నింపాలి. ఏ వాటాలో ఎంతమంది, నడవలేనివాళ్ళు ఎవరు, గ్యాస్ బండ ఎక్కడుంది, ఎవరికి కబురు చేయాలి, ఇలా తొమ్మిది గడులు. ఏడో గడి జబ్బులు, వాడే మందులు. ఆ వివరాలతో మెట్లదారి మొత్తానికి ప్రమాద సమయపు ప్లాను గీయాలి. బాగా వచ్చిన ప్లానును కాలనీ అంతా అమలు చేస్తుంది.

తూనీగకు ఇలాంటి పని దొరకడం ఆలస్యం, కాలు నిలవలేదు. మెడలో కేంద్రం వాళ్ళిచ్చిన కార్డు, చేతిలో అట్ట, జేబులో రెండు పెన్నులు. నాలుగు రోజుల్లో ఇరవై గడపలు తొక్కింది. నడవలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే రెండో అంతస్తు టైలరు భార్య, మా ఆయనే, పని చెప్పినప్పుడు మాత్రం, అని రాయించబోయింది. నాలుగో అంతస్తులో ఒక తాతగారు తన మందుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పి, ఆఖర్న ఏది దేనికో మర్చిపోయానమ్మా, నువ్వే కనుక్కుని చెప్పు అన్నాడు.

ఊయలత్త వాటా చివరికి ఉంచుకుంది. అక్కడ అడగడానికి ఏముంది, అన్నీ తనకు తెలిసినవే కదా అనుకుంది.

ఆ మధ్యాహ్నం పిల్లలంతా నిద్రలో ఉన్నారు. ఊయలత్త గోడకు చేరగిలబడి ఒకడి చొక్కాకు గుండీ కుడుతోంది. తూనీగ గొంతు తగ్గించి ఒక్కో గడీ అడుగుతూ పోయింది. ఏడో గడి దగ్గర, ఏమీ లేవు రాసుకో, అంది అత్త సూది మీద నుంచి చూపు ఎత్తకుండా. తూనీగ మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళింది. గ్లాసు కోసం పై అర మీద చెయ్యి పెడితే బిస్కట్ల డబ్బా వెనక మాత్రల అట్టలు తగిలాయి. వాటి పక్కనే చిన్న క్యాలెండరు. ప్రతి తేదీ మీదా రెండేసి టిక్కులు, ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆమె ఒక మాత్రల అట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఊయలత్త చూసింది. కుడుతున్న చొక్కా పక్కన పెట్టి, చెక్క తలుపు దాటి వంటగదిలోకి వచ్చి, పిల్లలకు వినబడకుండా చెప్పింది. పధ్నాలుగేళ్ళప్పుడు మొదలైందట మూర్ఛ. ఎప్పుడొచ్చినా నిద్రలోనే, తెల్లవారుజామున. మెలకువగా ఉండగా ఒక్కసారి కూడా రాలేదు. మందు సరిగ్గా పడితే అదీ రాదు. ఆఖరిసారి వచ్చి పదకొండేళ్ళయింది. డాక్టరు కూడా పిల్లల్ని చూసుకోవచ్చు, భయం లేదన్నాడు.

"ఇది మాత్రం రాయకు తల్లీ."

"రాస్తేనే కదత్తా, ఏదైనా అయితే ఏం చేయాలో నలుగురికీ తెలిసేది."

"తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. ఒకే ఒక్క మనిషికి చెప్పాను నా జన్మలో. మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు."

తూనీగ సరేనంది. ఆ గడి ఖాళీగా వదిలేసి అట్ట మూసింది. కానీ మెట్లు దిగుతుంటే మనసు మనసులో లేదు. ఈ మనిషికి నిద్రలో వస్తే, పక్కన ఎవరూ లేకపోతే, బోర్లా పడితే, ఊపిరి ఆడకపోతే, అని ఊహలు ఒకదాని వెంట ఒకటి తరుముకొచ్చాయి. పక్క బ్లాకు పై అంతస్తు ఆవిడ విషయంలోనూ ఎవరూ చెప్పకే కదా అంత పనీ జరిగింది.

శనివారం అందరూ వెళ్ళిపోయాక మాస్టారి దగ్గర ఆగింది. పేరు చెప్పకుండా, ఎవరైనా జబ్బు రాయొద్దంటే ఏం చేయాలని అడిగింది. మాస్టారు అల్లుడుగారిని సంచిలో సర్దుతున్నాడు. సంచి మూతి కట్టి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, ఆ రోజు పొగలో తన చేతుల మీద ఆ పెద్దావిడ ఎంత తేలిగ్గా ఉందో చెప్పాడు. బరువే లేదు, దుప్పటి మడత మోసినట్టుంది, అన్నాడు.

"ఖాళీ గడి మనిషిని చంపేస్తుందమ్మా. కాగితం నా బీరువాలో ఉంటుంది, ఒక నకలు మీ బ్లాకు కార్యదర్శి దగ్గర. అంతకుమించి ఎక్కడికీ పోదు."

ఆ బల్ల దగ్గరే కూర్చుని తూనీగ ఏడో గడి నింపింది. మూర్ఛ, నిద్రలో, మాత్రలు రెండు పూటలా, అని చిన్న అక్షరాలతో రాసింది. అత్తకిచ్చిన మాట కూడా కాపాడాలనుకుని కింద ఇంకో ముక్క చేర్చింది: ఎవరికీ చెప్పవద్దన్నారు.

ఆమె ప్లాను మొదటి స్థానంలో వచ్చింది. రంగు పెన్సిళ్ళతో గీసిన అయిదు అంతస్తుల బొమ్మ, ఎవరిని ఎవరు దింపాలో బాణాలు, కింద గుమిగూడవలసిన చోటు. యువజన కేంద్రం హాల్లో సభ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. బ్లాకు కార్యదర్శి, అద్దాల కొట్టు ఆయన, మైకు పట్టుకుని ఈ అమ్మాయి వల్లే మన మెట్లదారిలో ఎవరికి ఏముందో మనకు తెలిసిందని మెచ్చుకున్నాడు. ముందు వరసలో ఊయలత్త చిట్టిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పాప చేత చప్పట్లు కొట్టించింది.

ఆ తర్వాతి సోమవారం ఒక తల్లి పిల్లాణ్ణి పంపలేదు. వాళ్ళ అత్తగారొచ్చి ఉంటున్నారట, ఇక అవసరం లేదట. బుధవారం కవలలు మానేశారు. వాళ్ళ అమ్మ ఫ్యాక్టరీలో పిల్లల గది తెరిచారని చెప్పింది. అలాంటి గది ఏదీ లేదని అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఇంకొకావిడ నోరు జారాక తెలిసింది. ఎవరూ మాట తూలలేదు. ఎవరూ అసలు కారణం చెప్పలేదు. కొందరు వెళ్తూ వెళ్తూ బిస్కట్ల పొట్లం కూడా చేతిలో పెట్టారు. పది రోజుల్లో ఎనిమిది మంది ముగ్గురయ్యారు.

తూనీగకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అది కాదులే, అది కాదులే అని సర్ది చెప్పుకుంటూ వచ్చింది. ఒక ఉదయం చిట్టికి చెప్పులు తొడగబోతుంటే తల్లి ఆపింది. ఇవాళ్టి నుంచి పాపను తనతో ఆసుపత్రికి తీసుకుపోతుందట. సూపర్‌వైజరును బతిమాలిందట, బట్టల మూటల పక్కన ఒక మూల కూర్చోబెడుతుందట. తూనీగ చెప్పులు కింద పెట్టేసింది. తర్వాత, అత్త మందు మానదని, పగలు ఎప్పుడూ రాలేదని, నన్ను పెంచలేదా అని, ఒక్క ఊపిరిలో చెప్పుకుపోయింది. తల్లి చిట్టి జుట్టు దువ్వుతూనే ఉంది.

"నాకు వదిన మీద కోపం లేదు. రేపు పాపను ఎత్తుకుని ఉండగా వస్తే?"

"రాదమ్మా."

"నువ్వే కదే రాశావు. నువ్వు రాసినదాన్ని నమ్మొద్దంటావా?"

తూనీగ ఆ రోజు బడికి వెళ్ళలేదు. మూడో అంతస్తుకు ఎక్కి, తలుపు ముందు నిలబడి, చెప్పవలసిన మాటలు లోపల్లోపల నాలుగుసార్లు వల్లించుకుంది. తలుపు తీసే ఉంది. ఊయలత్త చాప మీద కూర్చుని ఊయల గుడ్డకు పట్టిన చిరుగు కుడుతోంది. మిగిలిన ఇద్దరూ కూడా రాలేదు, గదిలో ఒక్క పిల్ల కూడా లేదు. అంత నిశ్శబ్దంగా ఆ గదిని తూనీగ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చింది.

ఊయలత్తకు అప్పటికే తెలుసు. కార్యదర్శి కాగితం పట్టుకొచ్చి, ఇది నిజమేనా అమ్మా, అడగక తప్పదు మరి, అన్నాడట. పాపం ఆయన చెమటలు కక్కాడట.

"నీ అక్షరాలు నేను దిద్దించినవే కదే. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే తూనీగను ఎక్కువ కోసింది. తిడితే బాగుండు, బయటికి పొమ్మంటే బాగుండు అనుకుంది. ఊయలత్త లేచి, మొహం కడుక్కో, కళ్ళు వాచిపోయాయి అని మాత్రం అంది. పిల్లలకని కాచి ఉంచిన పాలు రెండు గ్లాసుల్లో పోసింది. ఇద్దరూ చాప మీద కూర్చుని తాగారు.

తూనీగ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి అట్టా లేదు, పెన్నూ లేదు. ఆమె వెంట ఫైరు మాస్టారు కూడా వచ్చాడు. ఆమె వెళ్ళి జరిగింది చెబితే ఆయన కుర్చీలోంచి లేవడానికి కొంచెంసేపు పట్టింది. గడి నేను గీశానమ్మా, తప్పు నాది, అన్నాడు. రాసింది నేను మాస్టారూ, అంది ఆమె. కమ్మీ పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఊపిరి తీసుకుంటూ, ఆయన అయిదు అంతస్తులూ ఎక్కాడు. మూర్ఛ అంటురోగం కాదని, మందు వాడితే నూటికి డెబ్బై మందికి అదుపులో ఉంటుందని, డాక్టరు చీటీ కావాలంటే చూపిస్తుందని, ఓపికగా చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. మీరు చెప్పింది నిజమే మాస్టారూ అన్నారు. ఒక్కరూ పిల్లను పంపలేదు.

కార్యదర్శి మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు. తనవల్ల ఏమీ పొక్కలేదని ఒట్టేసి చెప్పాడు. "నేను ఎవరికీ చెప్పలేదు మాస్టారూ. మా ఆవిడకి తప్ప." ఫారం మీద 'ఎవరికీ చెప్పవద్దన్నారు' అని రాసి ఉండటం చూసే తనకు అనుమానం వచ్చిందని, దాచేటంత సంగతి అయితే పెద్దదే అయి ఉంటుంది కదా అని కూడా అన్నాడు.

ఆకురాలే రోజులకు ఊయలత్త ఒక హోటలు లాండ్రీలో పనికి కుదిరింది. దుప్పట్లు మడతపెట్టే పని. నాలుగింటికే లేచి మొదటి బస్సు అందుకోవాలి, వేడి ఆవిరిలో తొమ్మిది గంటలు నిలబడాలి. నిద్ర సరిగ్గా లేకపోతే మందు ఎంత వేసుకున్నా ఆ జబ్బు ఊరుకోదని మాస్టారు క్లాసులో చెప్పి ఉన్నాడు. తూనీగ ఆ మాట అత్తకు గుర్తు చేసింది. అంత తెలిసినదానివి, మధ్యాహ్నం మొదలయ్యే ఉద్యోగం ఒకటి చూసిపెట్టు మరి, అని ఊయలత్త నవ్వింది. తూనీగ నిజంగానే వెతికింది. బేకరీలో అడిగింది, మందుల కొట్లో అడిగింది. పదహారేళ్ళ పిల్ల మాట ఎవరు పట్టించుకుంటారు?

ఒక రోజు బడి నుంచి వస్తుంటే మెట్లదారిలోంచి కేకలు వినబడ్డాయి. పుస్తకాల సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. మొదటి అంతస్తు మలుపులో ఊయలత్త వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. నుదురు మెట్టు అంచుకు తగిలి చిట్లింది, రక్తం కనుబొమ్మ మీదుగా చెవిలోకి కారుతోంది. టైలరు ఆమె భుజాలు నేలకు అదిమి పట్టుకున్నాడు. నాలుక కరుచుకుంటుందని ఎవరో చెంచా తెచ్చారు, అది పళ్ళ మధ్య దూర్చడానికి ఒకావిడ ఒంగి ఉంది.

ఆ తర్వాత చేసినదంతా తూనీగ చేతులు వాటంతట అవే చేశాయి. చెంచా లాగేసుకుంది. పట్టుకోవద్దు, వదిలేయండి, వెనక్కి జరగండి అని చెప్పింది. పెద్దగా అరవలేదు, కానీ టైలరు చేతులు తీసేశాడు. తన కోటు విప్పి మడిచి అత్త తల కింద పెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పింది. టైలరు చేతికున్న గడియారం చూసి టైము చెబుతూ ఉండమంది. రెండు నిమిషాలు. మూడు. అంబులెన్సుకు ఫోను చేయమని ఒకరిని పేరు పెట్టి పురమాయించింది. నాలుగో నిమిషంలో కొట్టుకోవడం నెమ్మదించి ఆగింది. అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి నురగ తుడిచి, ఊపిరి చూసుకుంది. నుదుటి మీద శుభ్రమైన గుడ్డ అదిమింది. ఊయలత్త బట్టలు తడిసిపోయి ఉన్నాయి. అది చూసి తూనీగ మెడకున్న శాలువా తీసి ఆమె నడుం మీదుగా కప్పింది. మాస్టారు నేర్పిన పాఠంలో ఆ ఒక్కటీ లేదు.

అప్పుడు తలెత్తి చూసింది. ప్రతి మెట్టు మీదా మనుషులు. ఒకప్పుడు పొద్దున్నే పిల్లల్ని చంకనేసుకుని ఇదే మెట్లెక్కిన తల్లులు. కవలల తల్లి పిల్లలిద్దరి మొహాలను తన పొట్టకు అదుముకుని కళ్ళు మూసింది. వాళ్ళలో ఒకడు ఆ సందులోంచే ఊయలత్తా, ఊయలత్తా అని పిలుస్తున్నాడు.

ఊయలత్త కళ్ళు తెరిచింది. చూపు ఇంకా ఎక్కడా నిలవడం లేదు. పైన వరసగా ఉన్న మొహాలను చూసి కంగారుగా లేవబోయింది.

"పిల్లలెక్కడ? అందరూ ఇక్కడుంటే పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?"

తూనీగ ఆమె చెయ్యి పట్టుకుని, "పడుకున్నారత్తా. అందరూ నిద్రపోతున్నారు" అంది. అది విని ఊయలత్త స్థిమితపడి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆసుపత్రిలో ఏడు కుట్లు పడ్డాయి. డాక్టరు తూనీగ చేసినదంతా అడిగి తెలుసుకుని, పెద్దవాళ్ళు కూడా ఇంత సరిగ్గా చేయరని మెచ్చుకున్నాడు. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. తల్లికి ఆసుపత్రి బట్టల విభాగంలో ఎవరో చెప్పారట. ఆ సాయంత్రం అన్నం పెడుతూ తల్లి, వదినకు నయమయ్యాక పాపను మళ్ళీ పంపుదామా అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. తూనీగ కంచం తీసుకుని లేచింది. పంపడానికి ఆ వాటాలో ఇక ఎవరూ ఉండరని అప్పటికే తెలుసు. ఊయలత్త తమ్ముడు వచ్చి ఉన్నాడు. ఒంటరిగా వదిలితే రేపు ఊరంతా నన్నే అంటుంది, అని ఆయన సామాను సర్దేశాడు. ఊయల కొక్కేనికి కట్టే ఉండిపోయింది. కొత్తగా దిగినవాళ్ళు దాన్ని విప్పి చెత్తలో వేశారని చిట్టి వచ్చి చెప్పింది.

ఫైరు మాస్టారు అన్ని బ్లాకుల కార్యదర్శుల దగ్గరికీ తిరిగి ఫారాలు వెనక్కి పుచ్చుకున్నాడు. కొత్త ఫారంలో ఏడో గడి తీసేయాలా, ఉంచాలా అని పిల్లల్నే అడిగాడు. సగం మంది తీసేయాలన్నారు, సగం మంది ఉంచాలన్నారు. తూనీగను అడిగితే తెలియదంది. ఆమె శనివారాలు మానలేదు. కొత్తగా చేరిన పిల్లలకు కట్లు కట్టడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం తనే చూపించేది. కానీ ఎవరి తలుపూ తట్టే పని మాత్రం మళ్ళీ ఒప్పుకోలేదు.

చలి ముదిరాక ఒక ఆదివారం రెండు బస్సులు మారి ఊయలత్తను చూడటానికి వెళ్ళింది. తమ్ముడిది ఇరుకైన ఇల్లు, ఇద్దరు చిన్నపిల్లలు. మరదలు మంచిగానే పలకరించి వంటగది పక్క గది చూపించింది. ఆ గది తలుపుకు లోపలి గడియ పీకేసి ఉంది, చెక్క మీద మేకుల చిల్లులు కొత్తగా కనబడుతున్నాయి. ఊయలత్త మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నుదుటి మీద మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది. సన్నబడింది. మందు డోసు పెంచారట, మధ్యాహ్నాలు మత్తుగా ఉంటుందట.

ఇద్దరూ కలిసి బఠాణీలు ఒలిచారు. ఊయలత్త అందరినీ పేరుపేరునా అడిగింది. కవలలకు బడి కుదిరిందా, చిట్టి ఇంకా వేలు చీకుతోందా, మాస్టారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి. మాట మధ్యలో తమ్ముడి చిన్నకూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఊయలత్త చేతులు చాపింది. పాప ఒక అడుగు వేసేలోపు వెనక నుంచి తల్లి పిలిచింది, పాలు చల్లారిపోతున్నాయి రమ్మని. పాప వెళ్ళిపోయింది. ఊయలత్త చాపిన చేతులతోనే పళ్ళెం దగ్గరికి లాక్కుని, గింజల్లో పడిన తొక్కలు ఏరసాగింది.

"అత్తా, నా మీద కోపం ఉంటే చెప్పు" అంది తూనీగ.

ఊయలత్త చాలాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఆలోచిస్తోందని తూనీగకు అర్థమైంది.

"కొన్ని రోజులు ఉంటుంది. కొన్ని రోజులు ఉండదు" అంది చివరికి.

సాయంత్రం బస్సుకు వేళయింది. తూనీగ లేచి, వెళ్ళొస్తానత్తా, అంది. ఇదివరకైతే ఆ మాట నోట్లో ఉండగానే, రేపు తొందరగా రా, చిట్టికి సాక్సులు మర్చిపోకు, అని వెనక నుంచి వినబడేది. ఊయలత్త ఆమె కోటు కాలరు సరిచేసింది, పైగుండీ పెట్టింది.

"చీకటి పడకముందే ఇల్లు చేరు" అంది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

తూనీగ వీధిలోకి వచ్చింది. బస్సు స్టాపు దాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.